అవ్వ సూదిమందు, బావ సోడా పీపా

ఈ పేజీలో ఇంతవరకు వలస కథలు, ఇంటిపేర్లు, కులదేవతలు, పెళ్లి పాటలు రాసుకున్నాము. ఈసారి ఒక పాత ఫ్రిజ్ గురించి రాస్తున్నాము. నవ్వకండి. మా అవ్వ ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఇది. మన ఇళ్లలో చక్కెర జబ్బు లేని ఇల్లు ఎన్ని ఉండాయో చెప్పండి? అందుకే రాయాలనిపించింది.

అవ్వ మదురైలో, తిరుమల నాయకర్ మహల్‌కు నడిచిపోయే దూరంలో, అరవై ఏళ్లు కాపురం చేసింది. తాత పోయినాక ఆమెను కోయంబత్తూరుకు, పీళమేడులో మా ఇంటికి తెచ్చుకున్నాము. వచ్చేటప్పుడు మూడే సామాన్లు తెస్తానని పట్టుబట్టింది: రుబ్బురోలు, ఇత్తడి బిందె, తాత కొనిచ్చిన ఒంటి తలుపు ఫ్రిజ్. "అది లేకుండా నేను రాను కన్నా" అనింది. వంటింట్లో మాకు ఫ్రిజ్ ఉండాది కదా అంటే వినలేదు. సరే అని పెరటి వరండాలో పెట్టినాము. అవ్వ ఇన్సులిన్ అందులోనే. అదీ పై అరలో, మంచుపెట్టెకు ఆనుకొని. "సూదిమందు ఎంత సల్లగా ఉంటే అంత మంచిది" అని ఆమె నమ్మకం. మేము కూడా అంతే అనుకున్నాము, ఎవరమూ అడగలేదు.

జనవరిలో పెళ్లికని న్యూజెర్సీ నుంచి బావ వచ్చినాడు. ఆయనకు అక్కడ ఇంట్లో కెగరేటర్ ఉండాది. అంటే బీరు పీపాను ఫ్రిజ్‌లో పెట్టి, బయటికి కొళాయి తీసి, గ్లాసులో పట్టుకొని తాగే ఏర్పాటు. పాత ఫ్రిజ్ ఒకటి, గ్యాస్ సిలిండర్ ఒకటి, చల్లదనం సరిగ్గా ఒకచోట నిలబెట్టే టెంపరేచర్ కంట్రోలర్ ఒకటి ఉంటే చాలునంట. అవ్వ ఫ్రిజ్‌ను చూసేటప్పటికి ఆయన కళ్లు మెరిసినాయి.

బీరు మాట ఎత్తగానే అమ్మ ముఖం మారింది. ముఖం సంగతి అట్లుంచితే, తమిళనాడులో అనుమతి లేకుండా ఇంట్లో బీరు కాయడం 1937 నాటి మద్యనిషేధ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో మాదిరి ఇక్కడ కుదరదు. అప్పుడు బావే దారి చూపించినాడు. ఆ సన్నటి స్టీలు పీపాలు అసలు బీరువి కావంట, కూల్‌డ్రింకు కంపెనీలు సోడా షాపులకు సరుకు పంపడానికి చేయించుకున్నవి. ఆ తర్వాతనే బీరు కాచుకునేవాళ్ల చేతికి వచ్చినాయి. "అయితే సోడానే పెడదాము" అన్నాము. నన్నారి సర్బత్తు, నిమ్మకాయ, పీపాలో సోడా. చిత్తిరై తిరునాళ్లకు మదురై చుట్టాలు వస్తే వాళ్లకు ఇయ్యొచ్చు. మదురైవాళ్లకు ఎండాకాలంలో చల్లగా ఏదైనా ఇయ్యకపోతే మర్యాద కాదు కదా. రాణి మంగమ్మ పేరు చెప్పుకునే ఊరు అది, దారిపొడుగునా సత్రాలు కట్టించి, దప్పికైనవాళ్లకు నీళ్లు పోయించిన తల్లి.

బావ సామాన్లలో తొమ్మిదిన్నర లీటర్ల చిన్న పీపా తెచ్చిండాడు. కూరగాయల ట్రే, కింది అర తీసేస్తే అది సరిగ్గా పట్టింది. కంట్రోలర్ మాత్రం ఇక్కడే, పేరు లేని చిన్న బోర్డు ఒకటి కొన్నాడు. పెట్టె లేదు, కాగితం లేదు. సెన్సర్ తీగను తలుపు సందులోంచి లోపలికి పెట్టి, తలుపు అర దగ్గర వేలాడదీసినాడు. ఫ్రిజ్‌లో మొదటి నుంచి ఉండే థర్మోస్టాట్‌ను అడ్డం రాకుండా ఉండాలని పూర్తి చలికి తిప్పేసినాడు. కొత్తదాన్ని రెండు డిగ్రీలకు పెట్టినాడు. సోడా బ్రహ్మాండంగా వచ్చింది. ఇంటిల్లిపాదీ తాగినాము. ఆయన ఫిబ్రవరిలో వెనక్కి పోయినాడు.

మూడు వారాలకు అవ్వకు నీరసం. రాత్రి నాలుగైదు సార్లు లేస్తా ఉండాది. చూస్తే చక్కెర 340. మళ్లీ చూస్తే 360. సూది తప్పలేదు, తిండి మారలేదు. ఇంక మిగిలింది ఏమి? నన్నారి సోడా. ఆ కొళాయి ఆమె మంచానికి పది అడుగుల దూరంలో ఉండాది.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాల. అవ్వను నిలదీసినాము. "అవ్వా, నిజం సెప్పు, రాత్రిపూట సోడా తాగుతా ఉండావా?" ఆమె లేదనింది. మేము నమ్మలేదు. సర్బత్తు సీసా మీద గీత గీసినాము, ఎంత తగ్గుతాదో చూద్దామని. ఆమె ఆ గీతను చూసింది. ఏమీ అనలేదు. ఆ రోజు సాయంత్రం అన్నం వద్దనింది. "నా ఇంట్లో నన్ను ఎవరూ ఇట్ల అడగలేదు" అని అమ్మతో అన్నదంట. సీసాలో గీత మాత్రం కిందికి దిగలేదు.

డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె అడిగిన మొదటి మాట సోడా గురించి కాదు. "మందు ఎక్కడ పెడతారు?" అనింది. ఫ్రిజ్‌లో అన్నాము. "ఫ్రిజ్‌లో ఎక్కడ?" అప్పుడు మాకు కడుపులో ఏదో కదిలినట్లైంది. ఇంటికి వచ్చి చూస్తే పై అరలో ఇన్సులిన్ అట్టపెట్టె మంచుపెట్టెకు అంటుకొని ఉండాది, లాగితే చిరిగి వచ్చింది. సీసా లోపల మాత్రం మందు మందు మాదిరే ఉండాది. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ కరిగి, ఎన్నిసార్లు అట్ల జరిగిందో దేవుడికే తెలుసు.

ఇన్సులిన్ తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల. వాడుతుండే సీసా నాలుగు వారాల దాకా బయట, ఎండ తగలని చల్లని చోట ఉన్నా సాధారణంగా పరవాలేదు, సీసాతో వచ్చే కాగితంలో ఎన్ని రోజులో రాసి ఉంటాది. వేడి తగిలితే మందు మెల్లగా బలం పోగొట్టుకుంటాది. కానీ ఒక్కసారి గడ్డకడితే అది పారేయాల్సిందే. కరిగినాక చూడ్డానికి బాగున్నా పనిచేస్తాదని నమ్మకం లేదు. అంటే మనం భయపడేది వేడికి, ఎక్కువ దెబ్బ తీసేది చలి. అవ్వ అత్తగారి కాలంలో నీళ్లు పోసిన మట్టికుండలో చిన్న కుండ పెట్టి మందు దాచేవాళ్లంట. ఆ కుండ ఏనాడూ మందును గడ్డకట్టించి ఉండదు.

కొత్త సీసాలు కొని, డాక్టరమ్మ చెప్పినట్లు సూది వేస్తే వారానికి చక్కెర దారికి వచ్చింది. ఆ తర్వాత మేము ఫ్రిజ్ సంగతి పట్టుకున్నాము. మా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా వేరేవాళ్లు చేసినదాంట్లో తప్పులు వెతికే మేము, మా ఇంట్లో ప్లగ్గులో పెట్టిన వస్తువును ఒక్కసారి కూడా పరీక్ష చెయ్యలేదు.

మొదట మూడు గ్లాసుల్లో నీళ్లు పోసి, మూడు థర్మామీటర్లు వేసి, ఒకటి పై అరలో, ఒకటి నడిమి అరలో, ఒకటి తలుపులో పెట్టినాము. రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే తలుపులో 7, నడుమ 2, పైన గ్లాసు మీద మంచుపొర. ఒంటి తలుపు ఫ్రిజ్ అంతే. చలి పుట్టేది పైన మంచుపెట్టెలో, అక్కడి నుంచి కిందికి దిగుతాది. సెన్సరేమో తలుపులో కూర్చొని "ఇంకా రెండుకు రాలేదు, ఇంకా నడుపు" అంటా ఉండింది. కంప్రెసర్ నడిచింది, పైన మందు గడ్డకట్టింది. బోర్డు చెడిపోలేదు, చెప్పిన పని చేసింది. తప్పుచోట కొలిచి తప్పు లెక్క చెప్పింది మేము.

పాత థర్మోస్టాట్ ఎట్ల పనిచేస్తాదో మా వీధి మెకానిక్ అన్న చూపించినాడు. సన్నటి రాగి గొట్టంలో గ్యాసు ఉంటాది, దాని కొసను మంచుపెట్టెకు బిగించి ఉంటారు. అది లోపలి గాలిని కొలవదు, మంచుపెట్టెనే కొలుస్తాది. అందుకే సరిగ్గా ఇన్ని డిగ్రీలని చెప్పలేదు. కానీ మంచుపెట్టె మరీ చల్లబడితే కంప్రెసర్‌ను ఆపుతాది. ఆ కాపలావాణ్ణే బావ అడ్డం తీసేసినాడు.

ఇంక కంట్రోలర్ ఎంచుకోవడం. మీలో ఎవరైనా పాత ఫ్రిజ్‌కు ఇట్లాంటిది పెట్టాలనుకుంటే, పీపాకైనా, పెరుగుకైనా, మందుకైనా, మేము చూసినవి ఇవి.

మిల్లుల్లో, ఓవెన్లలో వాడే పీఐడీ రకం వద్దు. అది వేడిని సన్నసన్నగా సర్దడానికి క్షణక్షణం ఆపి వేస్తా ఉంటాది. హీటర్‌కు అది బాగుంటాది, కంప్రెసర్‌కు చావు. కంప్రెసర్ ఆగినాక లోపల రెండు పక్కల ఒత్తిడి సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడతాది. అంతలోనే మళ్లీ వేస్తే మోటారు తిరగలేక మూలుగుతాది, కరెంటు ఎక్కువ లాగుతాది, వేడెక్కుతాది. ఈ మాట కోయంబత్తూరులో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి 1937లో మోటారు చేసిన ఊరు ఇది. మెకానిక్ అన్న ఒక్క మాటలో తేల్చినాడు: "మోటారుకు ఊపిరి తీసుకునే టైము ఇయ్యాల సార్."

కాబట్టి కావాల్సింది మామూలు ఆన్-ఆఫ్ రకం, అందులో రెండు సెట్టింగులు తప్పకుండా ఉండాల. ఒకటి తేడా: 5కు పెట్టి తేడా 1 అంటే, 6 అయినప్పుడు వేస్తాది, 5కు దిగినప్పుడు ఆపుతాది. రెండోది ఆలస్యం: ఆగినాక ఇన్ని నిమిషాల దాకా మళ్లీ వెయ్యకుండా పట్టుకోవడం. మన ఊర్లో కరెంటు పోయి వెంటనే వచ్చే రోజులకు ఇది చాలా అవసరం.

ఎస్‌టీసీ-1000 అని బీరు కాచేవాళ్లు ఎక్కువగా వాడేది ఒకటి ఉండాది. ఖరీదు తక్కువ, తేడా, ఆలస్యం రెండూ ఉండాయి, రిలే 10 ఆంపియర్లు. కానీ దాన్ని మనమే పెట్టెలో బిగించి, 230 వోల్టుల తీగలు మనమే కలపాల. తడిచేత్తో తలుపు తీసే అవ్వ ఉండే ఇంట్లో మాకు ధైర్యం చాలలేదు. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 మాదిరివి ప్లగ్గు, సాకెట్టుతో సిద్ధంగా వస్తాయి. ఖరీదు ఎక్కువే. కానీ దాంట్లో ఇంకొకటి ఉండాది: మరీ చల్లబడినా, మరీ వేడెక్కినా కూత వేసే అలారం. మేము అదే తీసుకున్నాము. సోడాకు అలారం అక్కరలేదు. సోడా గడ్డకడితే మహా అంటే నవ్వుకుంటాము. మందు గడ్డకడితే ఎవరికీ కనపడదు. కనపడనిదానికే కూత కావాల.

ఎన్ని డిగ్రీలు అని బావతో ఫోనులో పెద్ద వాదన. ఆయనకు 3 కావాల. చల్లటి నీళ్లలో గ్యాసు బాగా కరుగుతాది, సున్నా దగ్గర కరిగేదాంట్లో ఇరవై డిగ్రీల దగ్గర సగమే కరుగుతాది, కొళాయి తిప్పితే నురుగే వస్తాది అని ఆయన లెక్క. లెక్క నిజమే. కానీ 5 దగ్గర కూడా గ్యాసు ఒత్తిడి ముప్పై పౌండ్లకు పెడితే లీటరు నీళ్లలో నాలుగు లీటర్ల గ్యాసు దాకా పడతాది, సోడాకు అది చాలు. "బావా, నీ సోడా రెండు డిగ్రీలు ఓర్చుకుంటాది, అవ్వ మందు ఓర్చుకోదు" అన్నాము. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "అయిదే పెట్టండి" అన్నాడు. ఆ బోర్డు పెట్టింది తానే అనే బాధ ఆయనకు ఇప్పటికీ ఉండాది. నిజానికి ఆయన పోయినాక మూడు వారాలు దాన్ని చూడకుండా వదిలింది మేము.

ఇప్పుడు ఏర్పాటు ఇది. 5 డిగ్రీలు, తేడా 1, ఆలస్యం 5 నిమిషాలు. కింది అలారం 2, పై అలారం 8, అంటే మందు హద్దులే అలారం హద్దులు. సెన్సర్ గాలిలో వేలాడదు, నీళ్ల సీసాలో మునిగి ఉండాది. తలుపు తీసినప్పుడల్లా గాలి వేడెక్కుతాది, నీళ్లు అంత తొందరగా మారవు, మందు కూడా అంతే. ఆ సీసా నడిమి అరలో, మందు డబ్బా పక్కనే. పై అర ఖాళీ. మెకానిక్ అన్న థర్మోస్టాట్ కొత్తది వేసి నడిమికి తిప్పినాడు. కంట్రోలర్ లోపలి రిలే ఎప్పుడైనా అతుక్కుపోయి ఆగకుండా నడిపినా, ఇది ఆపుతాది. తెరవని సీసాల్లో సగం వంటింటి ఫ్రిజ్‌లో పెట్టినాము. అన్నీ ఒకేచోట పెట్టకూడదని బుద్ధి వచ్చింది.

పెట్టేముందు పరీక్షలు చేసినాము. ఐసుముక్కలు దంచి నీళ్లలో కలిపి సెన్సర్ ముంచితే సున్నా చూపించాల, మాది 0.6 చూపించింది, సరిచేసినాము. సెన్సర్ పీకేస్తే తప్పు అని చూపించి కంప్రెసర్ ఆపేసింది, మంచిదే. సెన్సర్‌ను బయట పడేస్తే మాత్రం లోపల వేడి అనుకొని నడుపుతానే ఉండాది, కానీ పై అలారం కూసింది, చివరికి థర్మోస్టాట్ ఆపింది. అవ్వ కుర్చీ వేసుకొని ఇదంతా చూసింది. "ఇన్ని రకాలుగా దాన్ని అడుగుతారు, నన్ను మాత్రం ఒక్క రకంగానే అడిగినారు" అనింది. మేము తల వంచుకున్నాము. ఆ రోజు ఆమె కాళ్ల దగ్గర కూర్చొని తప్పైపోయింది అవ్వా అన్నాము. సర్బత్తు సీసా మీద గీతను ఆమె ఎదురుగానే తుడిచినాము. "సరే పో, లేచి అన్నం తిను" అనింది.

మిగిలింది చీటీ. అలారం కూస్తే ఏమి చెయ్యాలో రాసి తలుపుకు అతికించాల. ఏ లిపిలో? అవ్వ మాట్లాడేది తెలుగు, చదివేది అరవం. మేము చదువుకుంది కన్నడ మీడియంలో, ఆ అక్షరాల ఆధారంతోనే తెలుగు చదవడం నేర్చుకున్నాము. పిల్లలు ఇంగ్లీషు. తెలుగు మాటలను అరవ అక్షరాల్లో రాద్దామంటే, ఆ లిపిలో క, గ ఒకటే, ట, డ ఒకటే. "మందు గడ్డ కడితే పారెయ్యి" అని రాస్తే అవ్వ గట్టిగా చదివింది: "మందు కట్ట కట్టితే పారెయ్యి." మందును కట్టలు ఎందుకు కడతారు రా అని అడిగి, చాలా రోజులకు పకపకా నవ్వింది. ఆఖరికి మాటలు తక్కువ చేసి అంకెలు రాసినాము. 2 కంటే తక్కువైతే, 8 కంటే ఎక్కువైతే, పిలవండి. కింద ఫోను నంబరు. అంకెలు ఇంట్లో అందరికీ వచ్చు.

చిత్తిరైకి మదురై నుంచి పదిమంది వచ్చినారు. సోడా ఒక్కపూటకే అయిపోయింది. అవ్వకు చక్కెర లేకుండా నిమ్మకాయ, ఉప్పు వేసి ఒక గ్లాసు ఇచ్చినాము. ఇప్పుడు రోజూ పొద్దున ఆమె లేచి దీపం పెట్టినాక వరండాలోకి పోయి, కళ్లజోడు సర్దుకొని ఆ ఎర్ర అంకె చూసి వస్తాది. "అయిదు ఉండాది అమ్మణ్ణీ" అని వంటింట్లోకి చెప్పి కాఫీకి కూర్చుంటాది.

మీ ఇంట్లో అవ్వ, తాత, అమ్మ ఎవరైనా ఇన్సులిన్ వేసుకుంటా ఉంటే, ఈ రోజు రాత్రి గ్లాసులో నీళ్లు పోసి, థర్మామీటర్ వేసి, మందు పక్కన పెట్టి చూడండి. చక్కెర ఎక్కినప్పుడు మనిషిని అడిగేముందు ఫ్రిజ్‌ను అడగండి.